నోవై కన్నా ముందు గొలుసు వచ్చింది

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కి వాయవ్యంగా పాతిక మైళ్ళ దూరంలో ఉన్న నోవై గురించి ఎవరిని కదిలించినా మొదట పేరు కథే చెబుతారు. గుర్రబ్బండ్ల రోజుల్లో గ్రాండ్ రివర్ రోడ్డు మీద అది ఆరో మజిలీ అట. ఇంగ్లీషులో నంబరుకి పొట్టిగా రాసే రెండక్షరాలు (No.), పక్కన రోమన్ లిపిలో ఆరంకె (VI). మధ్యలో చుక్క రాలిపోయి మిగిలింది నోవై అట. వినడానికి ముచ్చటగానే ఉంది. చిక్కల్లా తేదీల దగ్గరే. ఆ టౌన్‌షిప్‌కి, అంటే కౌంటీలో ఒక పాలనా ముక్కకి, ఆ పేరు పెట్టింది 1832లో. గ్రాండ్ రివర్ మీద చెక్క పలకలు పరిచిన టోల్ రోడ్డు 1850ల నాటిది. మనవడి పేరు తాతకి పెట్టారన్నట్టుంది ఈ వరస. మరో కథనం ఉంది: చుట్టూ ఫార్మింగ్టన్, బ్లూమ్‌ఫీల్డ్ అంటూ పొడుగు పేర్లున్నాయి, మనకి పొట్టి పేరు చాలు అని ఎమరీ అనే డాక్టరు గారి భార్య సూచించిందట. రుజువు సంగతెలా ఉన్నా, దీనికి కాలం అడ్డు రాదు.

పేరు విషయంలో పొరపాటు చిన్నది. అసలు పొరపాటు ఊరి చరిత్ర మొదలుపెట్టే చోట ఉంది. అమెరికాలో ఏ టౌన్‌షిప్ చరిత్ర తెరిచినా మొదటి వాక్యం ఒకటే: ఫలానా ఏడు ఫలానా ఆయన అడవిలోకి వచ్చి, చెట్లు కొట్టి, దుంగల ఇల్లు కట్టాడు. నోవై విషయంలో ఆ ఏడు 1825, ఆ మనిషి ఎరాస్టస్ ఇంగర్సోల్. న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చాడు. అంతకు ముందు ఏడాదే పక్కన ఫార్మింగ్టన్‌లో ఆర్థర్ పవర్ అనే క్వేకరు (ఒక క్రైస్తవ శాఖవాడు) దిగాడు. ఆ చోటుని మొదట్లో క్వేకర్‌టౌన్ అనేవారు.

ఈ మనుషులు అబద్ధం కాదు, వాళ్ళ కష్టమూ అబద్ధం కాదు. కానీ వాళ్ళని మొదటి పేజీలో పెట్టడం తప్పని నా వాదన. ఇంగర్సోల్ గొడ్డలి ఎత్తేనాటికి ఆ నేల ఒక ఒప్పందంలో చేతులు మారింది, సర్వే గొలుసుతో కొలవబడింది, మైలు చదరం చొప్పున గీసిన ముప్ఫై ఆరు గళ్ళకీ అంకెలు పడ్డాయి, ఎకరా ధర చట్టంలో అచ్చయింది. బడికి ఎన్నో గడి అన్నది కూడా తేలిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం వెక్కిరింతగా అంటాం. అమెరికా ప్రభుత్వం దాన్నే చట్టం చేసి, పిల్లలు లేని చోట బడికి భూమి కేటాయించింది. టౌన్‌షిప్ పుట్టుకలో మొదటి గుడిసె చివరి అంకానికి దగ్గర్లో వస్తుంది. మొదటి అంకం 1807.

ఆ ఏడు నవంబరు 17న మిషిగన్ టెరిటరీ (అప్పటికింకా రాష్ట్రం కాలేదు) గవర్నరు విలియం హల్ డెట్రాయిట్‌లో ఒడావా, ఒజిబ్వే, వయాండాట్, పొటవాటమీ అనే స్థానిక జాతుల ప్రతినిధులతో ఒప్పందం రాయించుకున్నాడు. ఇవాళ్టి ఆగ్నేయ మిషిగన్ దాదాపు అంతా అందులో పోయింది. ఇచ్చింది సొమ్ము, సరుకులు కలిపి 10,000 డాలర్లు. ఆపైన ఏటా 2,400 డాలర్ల భరణం. ఇప్పుడు ఒక్క టౌన్‌షిప్ లెక్క వేద్దాం. ముప్ఫై ఆరు చదరపు మైళ్ళు, మైలుకి 640 ఎకరాలు, మొత్తం 23,040. బడి గడి ఒకటి తీసేస్తే 22,400. తర్వాత ప్రభుత్వం పెట్టిన కనీస ధర ఎకరాకి డాలరుంపావు. అంటే ఒక్క టౌన్‌షిప్ మీద 28,000 డాలర్లు. డజన్ల కొద్దీ టౌన్‌షిప్పులు పట్టే నేలకి చేతికిచ్చిన సొమ్ము, ఒక్క టౌన్‌షిప్ అమ్మకంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. భరణం కూడా కలపాలి కదా అంటారేమో. పాతికేళ్ళకి కలిపినా 60,000. మొత్తం మూడు టౌన్‌షిప్పులు అమ్మితే చెల్లు.

ఈ ఒప్పందంలో ఐదో అంశాన్ని స్థానిక చరిత్రలు దాదాపు పట్టించుకోవు. నాకు మటుకు అదే ముఖ్యం. ఇచ్చేసిన భూమి అమెరికా ప్రభుత్వపు ఆస్తిగా ఉన్నంతకాలం అక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కు ఆ జాతులకి ఉంటుందని రాసుకున్నారు. చదవగానే ఉదారంగా కనిపిస్తుంది. కానీ డెట్రాయిట్ భూమి కార్యాలయంలో ఒక్కొక్క రసీదు తెగినప్పుడల్లా ఆ గడి ప్రభుత్వపు ఆస్తి కాకుండా పోతుంది, దానితో పాటు వేట హక్కూ పోతుంది. సైన్యం రానక్కర్లేదు, మళ్ళీ సంతకాలు అక్కర్లేదు. ఎనభై ఎకరాల చొప్పున, వంద డాలర్ల చొప్పున ఆ హక్కు కరిగిపోయేలా కాగితం రాశారు. రూజ్ నది దగ్గర పొటవాటమీలకి టాంక్విష్, సెగిన్సివిన్ పేర్ల మీద ఉన్న పల్లెల చుట్టూ రెండేసి చదరపు మైళ్ళు విడిచిపెట్టారు. 1827లో సెయింట్ జోసెఫ్ దగ్గర జరిగిన ఒప్పందంలో అవీ పోయాయి. కాబట్టి ఎవరూ లేని అడవి అన్న మాట రాసేముందు, ఆ అడవిలో ఎవరెవరికి ఏ హక్కుందో ప్రభుత్వమే అచ్చు వేసిన కాగితం చదవాలి.

ఇక గొలుసు సంగతి. ఇది తెలుగు పాఠకులకి కొత్త కాదు, కొత్తగా అనిపిస్తుందంతే.

ఎకరా, సెంటు, గుంట అంటూ మనం వాడే కొలతలు గంటర్ గొలుసుతో ముడిపడి ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు గణిత పండితుడు ఎడ్మండ్ గంటర్ పెట్టిన కొలత అది. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. తెలంగాణలో చెప్పే గుంట 33 అడుగుల చదరం, అంటే సరిగ్గా అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు. మిషిగన్ అడవుల్లో పొదల మధ్య పూర్తి గొలుసు లాగడం కష్టమని సర్వేయర్లు 50 లింకుల సగం గొలుసే వాడేవారు. వాళ్ళ చేతిలో ఉన్నది మన గుంట అంచు అన్నమాట. మన ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) పటాల్లో లింకులు చదవడం వచ్చినవారికి 1815 నాటి మిషిగన్ సర్వే పుస్తకం చదవడానికి ఇంకేమీ నేర్చుకోనక్కర్లేదు. తేడా ఒక్కటే. మన దగ్గర సర్వే వచ్చేసరికి ఊళ్ళు, గట్లు, చెరువులు, అనుభవంలో ఉన్న రైతులు ఉన్నారు. సర్వేయరు ఉన్న గట్టు వెంట నడిచి కొలిచాడు, అందుకే మన సర్వే నంబర్లు వంకరటింకరగా ఉంటాయి. అక్కడ గీత ముందు గీశారు, గట్టు తర్వాత వచ్చింది.

పద్ధతికి మూలం 1785 నాటి భూమి చట్టం. ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు (ఇందాకటి గళ్ళే), పదహారోది బడికి. అంకెలు వేసే వరస 1796 చట్టంతో ఇవాళ్టి రూపానికి వచ్చింది: ఈశాన్య మూల ఒకటి, అక్కడి నుంచి పడమటికి ఆరు దాకా, దాని కింద ఏడు, మళ్ళీ తూర్పుకి. అరక చాలు చివర తిరిగి వచ్చినట్టు అటూ ఇటూ తిరిగి ఆగ్నేయ మూల ముప్ఫై ఆరుతో ముగుస్తుంది.

మిషిగన్‌కి నిలువు గీత, అంటే మెరిడియన్, ఎక్కడ గీయాలన్నది సర్వేయర్లు సొంతంగా తేల్చలేదు. 1807 ఒప్పందంలో పడమటి హద్దు ఏదో అదే మెరిడియన్ అయింది. ఒహాయోలో డిఫయన్స్ అనే చోటి మీదుగా ఉత్తరానికి పోయే గీత అది. రాష్ట్రంలో ఇళ్ళ దస్తావేజుల్లో కనిపించే రేంజి అంకె (తూర్పుకో పడమటికో ఎన్నో టౌన్‌షిప్ వరస అన్నది) ఈ గీత నుంచే లెక్క. ఒప్పందాన్ని చరిత్ర పుస్తకం మర్చిపోయినా దస్తావేజు మర్చిపోలేదు. 1815లో బెంజమిన్ హఫ్ మెరిడియన్, అలెగ్జాండర్ హోమ్స్ బేస్‌లైను, అంటే అడ్డ గీత, నడిపించే పనికి దిగారు. నోవైకి దక్షిణపు హద్దు ఆ బేస్‌లైనే. ఇవాళ దాని పేరు ఎయిట్ మైల్ రోడ్డు. ఉత్తరపు హద్దు ఫోర్టీన్ మైల్. పద్నాలుగులోంచి ఎనిమిది తీస్తే ఆరు. తూర్పున హ్యాగర్టీ రోడ్డు, పడమట నేపియర్ రోడ్డు, మధ్య మరో ఆరు మైళ్ళు. సర్వే భాషలో ఇది ఉత్తరానికి ఒకటో టౌన్‌షిప్, తూర్పుకి ఎనిమిదో రేంజి.

ఒక టౌన్‌షిప్ కొలవడం అంటే ఏం చేయాలి? ముందు చుట్టూ నాలుగు హద్దులు నడవాలి, 24 మైళ్ళు. తర్వాత లోపలి గీతలు: నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు, ఒక్కోటి ఆరు మైళ్ళు, మొత్తం 60 మైళ్ళు. 1796 చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి మైలుకి 3 డాలర్లు. లోపలి గీతలకి ఆ లెక్కన 180 డాలర్లు. గొలుసు పట్టే ఇద్దరికి, గొడ్డలివాడికి, తిండికి, సామాను గుర్రానికి అందులోంచే ఇవ్వాలి. సర్వేయరు కాంట్రాక్టరు అన్నమాట. రోజు జీతం కాదు, మైలుకింత. ఎన్ని మైళ్ళు గబగబా నడిస్తే అంత మిగులు. తప్పులకి మొదటి కారణం ఇక్కడే ఉంది.

లోపలి పని ఆగ్నేయ మూల దగ్గర మొదలవుతుంది. 35, 36 సెక్షన్ల మధ్య గీత మీద ఉత్తరానికి నడుస్తారు. 40 గొలుసుల దగ్గర ఒక మేకు, అది పావు గుర్తు. 80 దగ్గర సెక్షను మూల. అక్కడి నుంచి తూర్పుకి అంచనా గీత ఒకటి నడిపి, అంతకుముందే పాతిన మూలకి ఎన్ని లింకులు పక్కకి తగిలామో చూసుకుని, తిరిగి వచ్చేటప్పుడు సరిచేసుకుంటూ గీత దిద్దుతారు. రాళ్ళు దొరకని చోట మూలకి చెక్క మేకే. చెక్క పుచ్చిపోతుంది కాబట్టి దగ్గర్లోని చెట్ల బెరడు చెక్కి, లోపలి కలప మీద సెక్షను, టౌన్‌షిప్, రేంజి అంకెలు గీస్తారు. ఏ జాతి చెట్టు, ఎన్ని అంగుళాల లావు, మేకు నుంచి ఏ దిక్కున ఎన్ని లింకుల దూరం అన్నీ పుస్తకంలో రాస్తారు. వాగు ఎక్కడ దాటాం, ఎంత వెడల్పు, నేల ఎలాంటిది, బురద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నదీ రాయాలి. రెండు వందల ఏళ్ళ కిందటి అడవి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇవాళ పర్యావరణ శాస్త్రజ్ఞులు వెతికేది ఈ పుస్తకాల్నే.

ఎక్కడెక్కడ తప్పు జరుగుతుంది? గొలుసు ఇనప లింకులది, ప్రతి కొక్కెమూ అరుగుతుంది, అరిగిన కొద్దీ గొలుసు సాగుతుంది. 33 అడుగుల గొలుసు ఒక్క అంగుళం సాగిందంటే, మైలుకి 160 సార్లు వేస్తారు కాబట్టి 13 అడుగుల పైన తేడా. పల్లం మీద గొలుసు మట్టంగా పట్టకుండా నేల వాలున పరిస్తే తేడా రెండో వైపుకి: కాగితం మీద మైలు, నేల మీద మైలుకి తక్కువ. గుచ్చుకుంటూ పోయే ఇనప పుల్లలు పదకొండు. పది గుచ్చితే ఒక లెక్క. ఒక లెక్క మర్చిపోతే 330 అడుగులు గల్లంతు. దిక్సూచి ముల్లు అసలు ఉత్తరాన్ని చూపదు, ఎంత పక్కకి చూపుతుందో ఊరికో రకం. గొడ్డలి దగ్గర పెట్టినా కదులుతుంది. ఈ ముల్లు బాధ పడలేకే మిషిగన్ సర్వేయరు విలియం ఆస్టిన్ బర్ట్ సూర్యుణ్ణి బట్టి దిక్కు చూపే సోలార్ కంపాస్ కనిపెట్టి 1836లో పేటెంటు తీసుకున్నాడు. నోవై గీతలకి అది ఆలస్యం.

మనిషి తప్పు లేకపోయినా భూమి గుండ్రన తప్పదు. ఉత్తరానికి పోయేకొద్దీ నిలువు గీతలు దగ్గరవుతాయి. నోవై అక్షాంశం దగ్గర ఆరు మైళ్ళు ఉత్తరానికి నడిస్తే ఆరు మైళ్ళ వెడల్పులో సుమారు 44 అడుగులు తగ్గాలి. అన్ని గళ్ళూ సరిగ్గా 640 ఎకరాలు కావడం అసాధ్యం. అందుకే తేడాలన్నీ ఉత్తరపు వరసలోకి, పడమటి వరసలోకి తోసెయ్యమన్నారు. నోవైలో ఫోర్టీన్ మైల్ పక్కన ఉన్న ఒకటి నుంచి ఆరు, నేపియర్ పక్కన ఉన్న ఆరు, ఏడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ముప్ఫై, ముప్ఫై ఒకటి సెక్షన్లలోనే వంకర ఎకరాలు పడతాయి. ఉత్తరాన వాల్డ్ లేక్ కూడా ఉంది, చెరువు అంచు మెలికలు విడిగా కొలిచి మిగతా భూమిని ముక్కలుగా లెక్క కట్టాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం లెక్కలన్నీ మొదలయ్యే చోటే ఉంది. బేస్‌లైను తూర్పు సగం, పడమటి సగం మెరిడియన్ దగ్గర కలవాలి కదా. కలవలేదు. రెండు మూల బిందువులు 935.88 అడుగుల ఎడంలో ఉన్నాయి. దాన్ని ఎవరూ దిద్దలేదు, దిద్దకూడదు కూడా. 1805 చట్టం ప్రకారం సర్వేయరు నేల మీద పాతిన మూలే అసలు మూల. పుస్తకంలో 80 గొలుసులు ఉండి నేల మీద 79 ఉంటే నేలదే గెలుపు. చాదస్తం అనిపిస్తుంది కానీ చాలా తెలివైన నియమం. కొలత మెరుగైనప్పుడల్లా హద్దులు జరిపితే దేశంలో ఏ కంచే నిలవదు. మన దగ్గర రీసర్వే పేరు ఎత్తగానే ఊళ్ళు ఉలిక్కిపడేది ఎందుకో తెలిసినవాళ్ళకి దీని విలువ చెప్పనక్కర్లేదు.

కొలతల్లో తప్పు ఒక రకం, నివేదికలో తప్పు మరో రకం. 1815 సర్వే మనుషులు మెరిడియన్ చుట్టుపక్కల బురదలో నానా అవస్థా పడి ఇచ్చిన కబుర్లు విని, సర్వేయర్ జనరల్ ఎడ్వర్డ్ టిఫిన్ వాషింగ్టన్‌కి రాశాడు: ఇక్కడ వందలో ఒక ఎకరా, కాదంటే వెయ్యిలో ఒక ఎకరా, సాగుకి పనికొస్తే గొప్ప. ఫలితంగా బ్రిటన్‌తో చేసిన 1812 యుద్ధపు సైనికులకి ఇవ్వాల్సిన 20 లక్షల ఎకరాల్ని కాంగ్రెసు మిషిగన్ నుంచి తప్పించి ఇల్లినాయికి, మిజోరీకి మార్చింది. నోవై ఉన్న ఓక్లాండ్ కౌంటీకి ఆ పేరు తెచ్చిన ఓక్ వనాలు, మధ్య మధ్య తోటలా తెరిపి ఉన్న మంచి గోధుమ నేలలు, ఆ నివేదికలో కనిపించవు. గీత ఎక్కడ నడిచిందో అక్కడి నేల చూసి రాష్ట్రమంతా అంతేనన్నారు. నోవై ప్రాంతానికి 1825 దాకా వలసదారులు రాకపోవడానికి అడవి క్రూరత్వం కన్నా ఈ కాగితం, రవాణా లేకపోవడం పెద్ద కారణాలని నేనంటాను.

రవాణా ముడి విడిపోయింది 1825 అక్టోబరులో, హడ్సన్ నది నుంచి బఫలో దాకా 363 మైళ్ళ ఈరీ కాలువ పూర్తయినప్పుడు. బఫలో నుంచి డెట్రాయిట్‌కి ఆవిరి ఓడ 1818 నుంచే ఉంది. పడమటి న్యూయార్క్ రైతుకి ఇప్పుడు దారి నీళ్ళ మీదే. ఫార్మింగ్టన్, లివోనియా అన్న పేర్లు అక్కడి నుంచి మూటతో పాటు వచ్చినవే.

ధర కూడా అదే సమయానికి అందుబాటులోకి వచ్చింది. 1800 చట్టంలో కనీసం 320 ఎకరాలు కొనాలి, ఎకరా 2 డాలర్లు, నాలుగేళ్ళ వాయిదాలు. వాయిదాలు కట్టలేక వేలమంది మునిగారు. 1820 చట్టం అప్పు ఎత్తేసి, ధర డాలరుంపావుకి, కనీస ముక్క 80 ఎకరాలకి దించింది. అంటే చేతిలో వంద డాలర్లు ఉండాలి, నగదు. 1832లో 40 ఎకరాలు కూడా అమ్మారు, 50 డాలర్లకి. నోవైకి పేరు వచ్చిన ఏడే అది. చౌక అని రాసేవాళ్ళు నగదు అన్న మాట మీద ఆగరు. కూలి డబ్బుల్లో వంద డాలర్లు మిగల్చడానికి ఏళ్ళు పట్టే రోజులవి.

కొనే తీరు చూస్తే ఊరు ఎందుకు కాగితం మీద ముందు పుట్టిందన్నానో తెలుస్తుంది. మొదట అడవిలో చెక్కిన చెట్ల గుర్తులు పట్టుకుని సెక్షను మూల దాకా నడవాలి. కలప మీద గీసిన అంకెలు రాసుకోవాలి. అక్కడి నుంచి నేల చూసుకుంటూ ఏ పావు కావాలో తేల్చుకుని డెట్రాయిట్ పరుగెత్తాలి. కార్యాలయంలో రిజిస్ట్రారు దగ్గర పటం చూసి ఆ ముక్క ఇంకా ఖాళీగా ఉందో లేదో అడగాలి. ఉంటే రిసీవరు అనే వేరే అధికారికి సొమ్ము కట్టాలి. పటం పట్టుకున్నవాడి చేతికి డబ్బు, డబ్బు పట్టుకున్నవాడి చేతికి పటం రాకుండా ఇద్దర్ని పెట్టారు, తెలివైన ఏర్పాటు. రసీదు చేతికొస్తుంది, పట్టా మాత్రం వాషింగ్టన్ నుంచి నెలలో, ఏడాదో గడిచాక వస్తుంది. రాసుకున్న అంకెల్లో ఒక్కటి తారుమారైతే చూసింది ఓక్ తోపు, కొన్నది బురదకుంట. ముందు రోజు ఇంకొకరు అదే అంకె చెబితే నడక దండగ.

పట్టాలో వర్ణనని చివరి నుంచి వెనక్కి చదవాలి. ‘ఈశాన్య పావులో పడమటి సగం, సెక్షను 27’ అని ఉంటే ముందు 27వ గడి పట్టుకోండి, 640. దాని ఈశాన్య పావు 160. అందులో పడమటి సగం 80. వంద డాలర్లు.

నేల మీదికి దిగాక కష్టం ఎలాంటిదో ఒక్క కంచె లెక్క చాలు. అప్పటి పద్ధతిలో పశువులు విడిగా తిరుగుతాయి, పంటకే కంచె కట్టుకోవాలి. 40 ఎకరాల చదరం చుట్టుకొలత సరిగ్గా ఒక మైలు. చీల్చిన ఓక్ కర్రల్ని అటొకటి ఇటొకటి వంకరగా పేర్చే కంచెకి, పదకొండడుగుల కర్ర ఎనిమిదిన్నర అడుగుల ముందుకే వస్తుంది. ఒక్కో మడతకి ఎనిమిది కర్రలు. మైలుకి దాదాపు 5,000. రోజుకి వంద చీల్చినా యాభై రోజులు, అదీ చెట్టు కొట్టడం, మోసుకు రావడం కాకుండా. తెరిపి ఓక్ నేలలో చెట్లు తక్కువ కాబట్టి పని తేలిక అనుకుంటే పొరపాటు. నల్లటి గడ్డి వేళ్ళు చాపలా అల్లుకుని ఉంటాయి, మామూలు నాగలి దిగదు. పెద్ద నాగలికి నాలుగైదు జతల ఎద్దులు కట్టాల్సిందే. దట్టమైన అడవిలో అయితే మానుల చుట్టూ బెరడు కోసి నిలువునా ఎండబెట్టి, వాటి మధ్యనే మొక్కజొన్న గుచ్చేవారు. బురద నేలని తిట్టినవాళ్ళే తొలి చలికాలం ఎద్దుల్ని బతికించుకున్నది అక్కడ కోసిన గడ్డితో.

తర్వాత జ్వరం. రోజు విడిచి రోజు, చెప్పి వచ్చినట్టు అదే వేళకి వణుకు. మనవాళ్ళు మన్యం జ్వరం అనేది ఇదే. కొత్తగా దున్నిన మట్టిలోంచి, కుళ్ళిన ఆకుల్లోంచి లేచే చెడుగాలి వల్ల అనుకున్నారు. నీటి మరలు తిప్పడానికి అడ్డకట్టలు కట్టి తామే దోమలకి చెరువులు తవ్వి పెడుతున్నామని వాళ్ళకి తెలియదు. ఆ రహస్యం బయటపడింది 1897లో, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద.

ఇక్కడ ఇంకో తికమక విడదీయాలి. టౌన్‌షిప్ అన్న మాటకి రెండర్థాలు. ఒకటి కొలతది: ఆరు మైళ్ళ గడి, మనుషులు ఉన్నా లేకపోయినా ఉంటుంది. రెండోది పరిపాలనది: ఎన్నికలు, పన్నులు, అధికారులు. ఇది చట్టసభ ఏర్పాటు చేస్తేనే పుడుతుంది. 1827లో ఓక్లాండ్ కౌంటీని విభజించినప్పుడు ఈ గడి ఫార్మింగ్టన్‌లో భాగం. 1832లో విడిగొట్టి నోవై చేశారు. ‘నోవై 1832లో ఏర్పడింది’ అన్న వాక్యం రెండో అర్థంలోనే నిజం.

పరిపాలన అంటే ఏటా ఏప్రిల్లో ఊరి సమావేశం. సూపర్‌వైజరు, గుమస్తా, పన్ను అంచనా వేసేవారు, వసూలు చేసేవారు, రోడ్ల మీద పెద్దలు, బీదల బాగోగులు చూసేవారు. కంచెల తగవులు తీర్చే మనుషులు ఉండేవారు, పొలంలో పడ్డ పశువుల్ని కట్టేయడానికి బందెలదొడ్డి, దానికొక కాపరి. తొలి సమావేశాల్లో చర్చించేవి ఎక్కువగా పందుల్ని విడిచిపెట్టవచ్చా, కంచె ఎంత ఎత్తు ఉండాలి, తోడేలు తలకి ఎంత బహుమానం లాంటివి. ప్రజాస్వామ్యపు తొట్టెలు అని గొప్పగా రాస్తారు కానీ చాలావరకు ఇది పశువుల పంచాయితీ. నన్నడిగితే అందులో తక్కువతనం ఏమీ లేదు.

రోడ్ల విషయంలో మాత్రం పటం నిజం చెప్పేస్తుంది. నోవై పటం తీస్తే మైలుకొకటి చొప్పున గళ్ళ రోడ్లు, వాటిని ఐమూలగా కోసుకుంటూ గ్రాండ్ రివర్. ఐమూల గీతే వయసులో పెద్దది. గట్టు నేల చూసుకుని స్థానిక జాతులు నడిచిన బాట అది. తిన్నని గీతలు సర్వే పిల్లలు. సెక్షను గీతకి అటో 33, ఇటో 33 అడుగులు విడిచి, మొత్తం ఒక గొలుసు వెడల్పున రోడ్డు వేయడం వాడుక. బురద అడ్డొచ్చిన చోట రోడ్డు వంగింది, గీత వంగలేదు.

బడి గడి ఏమైంది? అంతకు ముందు ఏర్పడ్డ చాలా రాష్ట్రాల్లో పదహారో సెక్షను ఆ టౌన్‌షిప్ చేతికే వెళ్ళింది, కొన్నిచోట్ల ఊరి పెద్దలు పప్పుబెల్లాల్లా పంచేశారు. మిషిగన్ 1837లో రాష్ట్రమైనప్పుడు ఆ గళ్ళన్నీ ఊళ్ళకి కాకుండా రాష్ట్రానికి ఇచ్చేలా రాయించుకుంది. అమ్మిన సొమ్ము ఉమ్మడి విద్యానిధికి. నోవైలో పదహారో సెక్షను అంటే లెవెన్ మైల్, ట్వెల్వ్ మైల్, బెక్, టాఫ్ట్ రోడ్ల మధ్య గడి. వేంకటేశ్వరాలయానికి వెళ్ళే తెలుగువాళ్ళు ఎక్కే టాఫ్ట్ రోడ్డు అక్కడ సరిగ్గా పదిహేను, పదహారు సెక్షన్ల సరిహద్దు గీత.

1969లో నోవై నగరమైంది. కానీ పాత పరిపాలనా టౌన్‌షిప్ పూర్తిగా పోలేదు. నగరంలో కలవని ఒక చిన్న కాలనీ రూపంలో ఇంకా ఉంది, 0.11 చదరపు మైళ్ళు. ముప్ఫై ఆరు మైళ్ళ కాగితపు రాజ్యానికి మిగిలిన మాన్యం.

అక్కడ ఇల్లున్నవారు ఈ వరస సొంతంగా చూసుకోవచ్చు. పన్ను కాగితం మీద పార్సెల్ నంబరులో 50-22 తర్వాత వచ్చే రెండంకెలు మీ సెక్షను. కేంద్ర భూమి శాఖ వెబ్‌సైటులో మిషిగన్, ఉత్తరం ఒకటి, తూర్పు ఎనిమిది, మీ సెక్షను కొడితే మొదటి పట్టాదారు పేరు, తేదీ, పట్టా బొమ్మ ఉచితంగా వస్తాయి. 1833కి ముందు పట్టాల మీద అధ్యక్షుడి సొంత సంతకం ఉంటుంది, ఆ తర్వాతవి కార్యదర్శి చేసినవి. ఆ పేరుగల మనిషి అక్కడ కాపురం ఉన్నాడని మాత్రం అనుకోవద్దు. 1836 ఊపులో మిషిగన్‌లో ఒక్క ఏడు 40 లక్షల ఎకరాల పైన అమ్ముడయ్యాయి, చాలా పట్టాలు బేరగాళ్ళవి. ఆ జూలైలో ఇక వెండి బంగారాలే తీసుకుంటామని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేశాక గానీ జోరు తగ్గలేదు. పట్టా దొరికాక 1807 ఒప్పందం పాఠం తెరిచి ఐదో అంశం పక్కన ఆ తేదీ పెట్టి చదవండి. ఆ ముక్క మీద వేట హక్కు ఏ ఏడు పోయిందో సుమారుగా తెలుస్తుంది.

ఆ పాత మేకులేమయ్యాయంటారా? 1990లో మిషిగన్ చేసిన చట్టం కింద కౌంటీలు మూలల్ని మళ్ళీ వెతికి పట్టే పని పెట్టుకున్నాయి. పాత పుస్తకంలోని చెట్ల దూరాలు, తరతరాల సర్వేయర్ల రాతలు, తారు కింద తవ్వితే దొరికే పుచ్చిన చెక్క జాడ, అన్నీ కలిపి చోటు తేల్చి లోహపు గుర్తు దించుతారు. మైలు రోడ్లు కలిసే కూడలి నడిమధ్యన, కార్లు తొక్కుకుంటూ పోయే చోట, చిన్న ఇనప మూత ఒకటి ఉంటుంది. దాని కిందే ఉంటుంది సెక్షను మూల.